యోగ్యతాపత్రం విలువ

గుంటూరు నగరంలో శంకర్ విలాస్ కూడలి ప్రాంతం నుండి బ్రాడీపేటలోకి అడుగుపెడితే వీధులకు పేర్లకు బదులు అంకెలు కనిపిస్తాయి. లైను అంకె ఒకటి, అడ్డరోడ్డు అంకె ఒకటి చెబితే చాలు, రిక్షావాడు ఇంటి ముందు దింపేవాడు. వైద్యశాలలు, పుస్తకాల దుకాణాలు, శిక్షణ సంస్థలు ఈ వీధులలో పక్కపక్కనే ఉంటాయి. ఒక తరం వెనుక ఇటువంటి పేటలలో మేడమీది గదుల నుండి టైపు యంత్రాల చప్పుడు వినిపించేది. 1990ల చివరినాటికి 2000 సంవత్సరపు తేదీల సమస్య కారణంగా అమెరికాలో ప్రోగ్రామర్లకు గిరాకీ పెరిగింది. దానితో టైపు యంత్రాలు ఉన్నచోటికి కంప్యూటర్లు వచ్చాయి. యంత్రం మారినా, గోడమీది ప్రకటన చివరి వాక్యం మాత్రం మారలేదు: శిక్షణానంతరం సర్టిఫికెట్ ఇవ్వబడును.

ఆ సర్టిఫికెట్ విలువ ఎంత? మిరప అమ్మిన డబ్బులో కొంత తీసి కుమార్తె చదువుకు కట్టే ప్రత్తిపాడు రైతుకు ఇది పుస్తకాల ప్రశ్న కాదు. ప్రత్యేకించి వెబ్‌సైట్లను నిర్మించే వృత్తిలో, అందునా ఎవరి సొత్తూ కాని ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరుతో పనిచేసేవారి విషయంలో, ఈ ప్రశ్నకు జవాబు కొంత చిక్కుగానే ఉంటుంది.

ముందుగా టైపు పరీక్షను గుర్తుచేసుకోవడం మంచిది. ప్రభుత్వ సాంకేతిక పరీక్షలలో ఇంగ్లీషు టైపు లోయరుకు నిమిషానికి 30 మాటలు, హయ్యరుకు 45 మాటలు కొట్టాలి. అభ్యర్థి యంత్రం ముందు కూర్చుంటాడు. గంట మోగుతుంది. కాగితంమీద ఉన్నదానిని తప్పులు లేకుండా నిర్ణీతకాలంలో కొట్టితీరాలి. నేర్పిన సంస్థ వేరు, పరీక్షించే సంస్థ వేరు. పత్రం చూసిన అధికారికి అభ్యర్థి ఊరు, కులం, సిఫారసు తెలియనక్కరలేదు. ఇతని వేళ్లు ఈ పని చేయగలవు అన్న ఒక్క సంగతి తెలిస్తే చాలు. ఎందరో పేద కుటుంబాల పిల్లలు ఆ ఒక్క కాగితంతో కచేరీలలో గుమాస్తాలుగా కుదిరారు. తర్వాతి కాలంలో వచ్చిన కంప్యూటరు పత్రాలలో చాలావాటికి ఆ గౌరవం దక్కకపోవడానికి కారణం ఈ పోలికలోనే ఉన్నది.

ఇక ఓపెన్ సోర్స్ అంటే ఏమిటో చూద్దాం. ఒక సాఫ్ట్‌వేరును మనుషులు చదవగలిగే భాషలో రాసిన రూపాన్ని సోర్స్ కోడ్ అంటారు. దీనిని మూలసంకేతం అనవచ్చు. సాధారణంగా సంస్థలు దీనిని దాచుకొని, నడిచే రూపాన్ని మాత్రమే అమ్ముతాయి. వంటకం పెడతారు కానీ వండే తీరు చెప్పరు. ఈ పద్ధతిని వ్యతిరేకించి రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్ను ప్రాజెక్టును ప్రకటించాడు. ఎవరైనా సాఫ్ట్‌వేరును వాడుకోవచ్చు, చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు అన్నది ఆయన సిద్ధాంతం. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను విడుదల చేశాడు. 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ పీహెచ్‌పీని అందరికీ అందుబాటులో ఉంచాడు. అపాచీ వెబ్ సర్వరు, మైఎస్‌క్యూఎల్ డేటాబేసు కూడా ఆ సంవత్సరపు సంతానమే. ‘ఓపెన్ సోర్స్’ అన్న పేరు 1998లో పుట్టింది. లినక్స్, అపాచీ, మైఎస్‌క్యూఎల్, పీహెచ్‌పీ నాలుగూ కలిస్తే, లైసెన్సు కోసం ఒక్క రూపాయి చెల్లించకుండా వెబ్‌సైటు నిర్మించవచ్చు. ద్రూపల్ 2001లో, వర్డ్‌ప్రెస్ 2003లో, జూమ్లా 2005లో ఈ పునాదిమీదే లేచాయి. మనం చదువుకొనే తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దానిని నడిపే మీడియావికీ కూడా పీహెచ్‌పీలో రాసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరే.

ఇందులో మన విద్యార్థికి ఒక గొప్ప సౌకర్యం ఉన్నది. నేర్చుకొనడానికి కావలసిన పనిముట్లన్నీ ఉచితం. పాత కంప్యూటరు ఒకటి, నెట్ సౌకర్యం ఉంటే చాలు. ఎంత ఉచితమైనా ఒక ఇబ్బంది మాత్రం తప్పదు. ప్రవేశానికి అడ్డు లేనిచోట ఎవరైనా తాను నిపుణుడనని చెప్పుకోవచ్చు. వైద్యుడు కావాలంటే వైద్యమండలిలో నమోదు కావాలి. న్యాయవాదికి 1961 నాటి చట్టం, మందుల దుకాణం నడిపే ఫార్మసిస్టుకు 1948 నాటి చట్టం ఉన్నాయి. వెబ్‌సైటు తయారుచేసేవారికి అటువంటి చట్టమేదీ లేదు. కాబట్టి ఈ రంగంలో యోగ్యతాపత్రం అనుమతిపత్రం కాదు. అది లేనివారు పనిచేయకూడదన్న నియమం లేదు. ఉన్నవారికి పని ఇచ్చితీరాలన్న నియమమూ లేదు. ఎదుటివారి సందేహాన్ని కొంత తీర్చడమే దాని ప్రయోజనం.

సందేహం ఎందుకు వస్తుందో గుంటూరు ప్రాంతంవారికి వేరే వివరించనక్కరలేదు. మిర్చి యార్డులో కొనుగోలుదారు టిక్కీలోనుంచి నాలుగు కాయలు తీస్తాడు. రంగు చూస్తాడు, విరిచి చూస్తాడు, గలగలలాడుతున్నాయో మెత్తబడ్డాయో చూస్తాడు, తాలు కాయలు ఎన్ని ఉన్నాయో చూస్తాడు. అరనిమిషంలో ధర అతని మనసులో స్థిరపడుతుంది. కానీ అదే రైతు పత్తిగింజలు కొనడానికి దుకాణానికి వెళ్లినప్పుడు ఈ విద్య పనికిరాదు. గింజను అరచేతిలో పెట్టుకొని ఎంతసేపు చూసినా అది మొలుస్తుందో లేదో, మొలిచినా చెప్పిన రకమో కాదో తెలియదు. తెలిసేనాటికి అదను దాటిపోతుంది. నకిలీ విత్తనాలవల్ల కుప్పకూలిన కుటుంబాల బాధ ఈ మెట్టభూములకు కొత్తది కాదు.

అందుకే మనదేశంలో 1966లో విత్తన చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రభుత్వం గుర్తించి ప్రకటించిన రకాల విత్తన సంచికి చీటీ ఉండాలి. ఆ చీటీ రెండు రకాలు. ఒకటి, మొలకశాతం ఇంత, స్వచ్ఛత ఇంత అని అమ్మేవాడే తన పూచీమీద రాసుకొనే చీటీ. రెండవది, ధ్రువీకరణ సంస్థవారు పొలంలో పైరును చూసి, గింజలను ప్రయోగశాలలో పరీక్షించి ఇచ్చే నీలిరంగు చీటీ. మొదటిది తప్పనిసరి, రెండవది ఐచ్ఛికం. మార్కెట్లో అమ్ముడుపోయే పత్తి సంకర విత్తనాలలో ఎక్కువ భాగం మొదటి చీటీతోనే వస్తాయి. రెండవ చీటీ ఉన్న సంచి కూడా వర్షానికీ, తెగులుకూ పూచీపడదు. పరీక్షించిన రోజున ఈ గింజలకు ఈ గుణాలు ఉన్నాయని మాత్రమే అది చెబుతుంది.

ఉద్యోగమిచ్చే సంస్థ ముందు నిలబడిన కొత్త ప్రోగ్రామరు పరిస్థితి మిరపకాయది కాదు, పత్తిగింజది. విరిచి చూడడానికి వీలులేదు. అతడు స్వయంగా రాసుకొన్న జీవితవివరాల పత్రం మొదటి రకం చీటీ. ఇతరులు పరీక్షించి ఇచ్చిన యోగ్యతాపత్రం రెండవ రకం. తన శక్తి తనకు తెలిసి, ఎదుటివారికి తెలియనప్పుడు చదువులు, పత్రాలు సంకేతాలుగా ఎలా పనిచేస్తాయో ఆర్థికశాస్త్రవేత్త మైకేల్ స్పెన్స్ 1973లో ఒక వ్యాసంలో వివరించాడు. 2001లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి పొందాడు. ఆయన వాదంలో ఒక కీలకాంశం ఉన్నది. సంకేతం పనిచేయాలంటే, యోగ్యత లేనివారికి దానిని సంపాదించడం యోగ్యులకన్నా కష్టంగా ఉండాలి. డబ్బు కట్టిన ప్రతివారికీ దొరికే కాగితం ఎంత అందంగా అచ్చయినా సంకేతం కాజాలదు.

ఈ గీటురాయిమీద చూస్తే బ్రాడీపేట నుండి అమీర్‌పేట వరకు శిక్షణ సంస్థలు ఇచ్చే పత్రాలలో అధికభాగం యోగ్యతాపత్రాలు కావు, హాజరుపత్రాలు. ఫలానా విద్యార్థి మూడు నెలలు వచ్చాడు, రుసుము చెల్లించాడు అని అవి చెబుతాయి. నేర్పినవారే పరీక్షించి, వారే పత్రం ఇచ్చినప్పుడు విద్యార్థిని తప్పించడంవల్ల వారికి వచ్చే లాభం ఏముంటుంది? ఆ సంస్థలలో మంచి గురువులు లేరని దీని అర్థం కాదు. ఇరుకుగదులలో రాత్రి పొద్దుపోయేవరకు పాఠాలు చెప్పి వందలమందికి దారి చూపినవారు వారిలో ఉన్నారు. అయితే వారిచ్చింది విద్య, కాగితం కాదు.

మరి ఓపెన్ సోర్స్‌లో పరీక్షించే అధికారం ఎవరిది? సొంతదారు ఉన్న సాఫ్ట్‌వేరు విషయంలో ఈ ప్రశ్న రాదు. మైక్రోసాఫ్ట్ సరుకుకు మైక్రోసాఫ్టే పరీక్ష పెడుతుంది. ఎవరికీ చెందని దానికి ఎవరు పెట్టాలి? కొండవీటి రెడ్డిరాజుల ఆస్థానంలో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉండేవాడు. ఆస్థానానికి వచ్చిన పండితులను పరీక్షించే పని ఆయనది. ఆ పదవి ఆయనకు చెల్లడానికి కారణం ముద్ర వేసే అధికారం ఒక్కటే కాదు, పాండిత్యంలో ఆయనను కాదనగలవారు లేకపోవడం. ఓపెన్ సోర్స్‌లోనూ నిలబడిన పరీక్షలు ఇంచుమించు ఇలాగే పుట్టాయి. జీవ్ సురాస్కీ, యాండీ గుట్‌మన్స్ అనే ఇద్దరు పీహెచ్‌పీ అంతర్భాగాన్ని తిరగరాసి 1998లో మూడవ రూపాన్ని తెచ్చారు. మరుసటి సంవత్సరం తమ ఇద్దరి పేర్లను కలిపి జెండ్ అనే సంస్థను స్థాపించారు. ఆ సంస్థ 2004లో పీహెచ్‌పీ ప్రోగ్రామర్లకు పరీక్షను ప్రవేశపెట్టింది. ద్రూపల్ సృష్టికర్త డ్రీస్ బైటార్ట్ భాగస్వామిగా ఏర్పడిన అక్వియా సంస్థ 2014లో ద్రూపల్ పరీక్షలను ప్రారంభించింది. లాభాపేక్ష లేకుండా 1999లో ఏర్పడిన లినక్స్ ప్రొఫెషనల్ ఇన్‌స్టిట్యూట్ ఏ ఒక్క కంపెనీ సరుకుకూ కట్టుబడని పరీక్షలను నిర్వహిస్తున్నది. ఇటీవల వెబ్ నిర్మాణపు మౌలికాంశాలమీద కూడా ఒక పరీక్షను చేర్చింది. రెడ్‌హ్యాట్ సంస్థ పరీక్ష మన టైపు పరీక్షకు దగ్గరి చుట్టం. అందులో జవాబుకు గుర్తు పెట్టడం ఉండదు. కంప్యూటరును ఎదుట ఉంచి ఇచ్చిన పనులు చేసి చూపమంటారు.

జెండ్ పరీక్ష అలాంటిది కాదు. పీహెచ్‌పీ ఐదవ రూపంమీద జరిగిన పరీక్షలో 90 నిమిషాలలో 70 ప్రశ్నలకు జవాబివ్వాలి. ఇటువంటి పరీక్షలకు ఒక వ్యాధి తగులుకొన్నది. పరీక్ష రాసి వచ్చినవారి జ్ఞాపకం నుండి ప్రశ్నలను పోగుచేసి అమ్మడం మొదలైంది. వీటినే డంప్స్ అంటారు. అవి బట్టీపట్టి పత్రం సంపాదించినవారు కొలువులో చేరిన మొదటివారంలోనే చిన్న పనికి తడబడేవారు. వారివల్ల నష్టం వారి ఒక్కరికే కాలేదు. నిజంగా చదివి ఉత్తీర్ణులైనవారి పత్రాన్ని కూడా జనం అనుమానంగా చూడసాగారు. కల్తీ విత్తనం దొరికిన దుకాణంలో మంచి విత్తనానికి కూడా ధర పడిపోయినట్లే ఇది.

ఇంత చెప్పిన తరువాత పత్రంవల్ల మేలు లేదని తోచవచ్చు. అది సరికాదు. మేలు పత్రంలోకన్నా దానికోసం చేసే చదువులో ఎక్కువగా ఉన్నదని నా అభిప్రాయం. స్వయంగా నేర్చుకొన్నవారి విద్యలో గుంటలు ఉంటాయి. ఎదురైన అవసరాన్నిబట్టి నేర్చుకొంటారు కాబట్టి, ఎదురుకాని విషయం తెలియనే తెలియదు. అన్నిటికన్నా ప్రమాదం, తెలియదన్న సంగతి కూడా తెలియకపోవడం. పరీక్ష పాఠ్యప్రణాళిక ఈ గుంటలను చూపిస్తుంది.

తెలుగువారికి నేరుగా తగిలే ఒక ఉదాహరణ చెబుతాను. ‘గుంటూరు’ అన్న మాట పొడవెంత? మనం ‘గుం’, ‘టూ’, ‘రు’ అని మూడక్షరాలు లెక్కపెడతాము. కంప్యూటరు అలా లెక్కపెట్టదు. యూనికోడ్‌లో గకారం, దాని కొమ్ము, సున్న, టకారం, దాని కొమ్ముదీర్ఘం, రకారం, దాని కొమ్ము వేర్వేరు సంకేతాలు. అవి మొత్తం ఏడు. వెబ్‌లో విరివిగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావాలి. అంటే 21 బైట్లు. పీహెచ్‌పీలో పొడవు చెప్పే మామూలు ప్రమేయాన్ని అడిగితే 21 అంటుంది. బహుబైట్ల అక్షరాలకోసం ఉన్న ప్రమేయం 7 అంటుంది. అక్షరసముదాయాలను లెక్కించే ప్రమేయం మాత్రమే మనలాగా 3 అంటుంది. మూడూ సరైన జవాబులే; ప్రశ్నలే వేరు. ఈ తేడా తెలియని ప్రోగ్రామరు ఒక మిర్చి వ్యాపారి వెబ్‌సైటులో పేరును 20 బైట్ల దగ్గర కత్తిరించేలా రాశాడనుకొందాం. గుంటూరు చివరి కొమ్ము తెగి, దాని స్థానంలో ఒక ప్రశ్నార్థకపు డబ్బా ప్రత్యక్షమవుతుంది. ఇంగ్లీషు పేర్లతోనే పరీక్షించి చూసుకొన్నందువల్ల ఆ తప్పు అతనికి కనిపించదు. అక్షరాల సంకేతీకరణ అన్న అధ్యాయాన్ని ఒక్కసారి శ్రద్ధగా చదివి ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదు.

భద్రత విషయంలో అయితే నష్టం ఇంతటితో పోదు. వాడుకరి టైపు చేసిన మాటలను యథాతథంగా డేటాబేసు ఆజ్ఞలో అతికిస్తే, తెలివైన దొంగ మాటల స్థానంలో మరొక ఆజ్ఞనే టైపు చేసి వివరాలన్నీ లాక్కోగలడు. ఆజ్ఞను ముందు స్థిరపరచి, మాటలను వేరుగా అందించడమే దీనికి విరుగుడు. పీహెచ్‌పీ ఐదవ రూపం 2004లో వచ్చినప్పటి నుండి ఇందుకు మంచి సాధనాలు ఉన్నాయి. అయినా పాత పుస్తకాలను, పాత నోట్సును నమ్ముకొన్న శిక్షణ సంస్థలు పాత పద్ధతినే చెబుతూ వచ్చాయి. చివరకు 2015 డిసెంబరులో విడుదలైన ఏడవ రూపంలో ఆ పాత మైఎస్‌క్యూఎల్ ప్రమేయాలను పూర్తిగా తీసివేశారు. వాటినే విద్య అనుకొన్నవారి కార్యక్రమాలు ఒక్క దెబ్బతో ఆగిపోయాయి.

దీనిని బట్టి పత్రానికి ఆయుర్దాయం ఉంటుందని గ్రహించాలి. టైపు హయ్యరు పత్రం ఉద్యోగ విరమణ వరకు చెల్లింది. ఎందుకంటే కీబోర్డు మారలేదు. పీహెచ్‌పీ ఐదవ రూపంమీద పొందిన పత్రం, ఎనిమిదవ రూపం నడుస్తున్న కాలంలో ఒకనాటి శ్రమకు గుర్తు మాత్రమే. ద్రూపల్ ఏడవ రూపానికి 2025 జనవరి 5తో అధికారిక మద్దతు ముగిసింది. రెడ్‌హ్యాట్ పత్రాలకు మూడు సంవత్సరాల గడువు ఉన్నది. ఇచ్చే సంస్థలు కూడా శాశ్వతం కావు. మైఎస్‌క్యూఎల్ సంస్థను 2008లో సన్ కొన్నది, సన్‌ను 2010లో ఒరాకిల్ కొన్నది. పరీక్షలు కూడా కొత్త యజమాని చేతికి వెళ్లాయి. జెండ్ కూడా 2015లో ఒకరి చేతికి, 2019లో మరొకరి చేతికి మారింది.

ఓపెన్ సోర్స్ ప్రపంచంలో మరొక పరీక్ష కూడా ఉన్నది. దానికి రుసుము లేదు, కేంద్రం లేదు, తేదీ లేదు. అవధానంలో పృచ్ఛకులు ఎదురుగా కూర్చొని అడుగుతారు, సభ చూస్తుంది, పద్యం వచ్చిందో లేదో అక్కడే తేలిపోతుంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు ఒక సవరణ పంపడం ఇంచుమించు అటువంటిదే. మీరు రాసిన పది పంక్తులను ముక్కూమొగమూ తెలియని వ్యక్తి ఏ జర్మనీలోనో కూర్చొని చదువుతాడు. ఈ పంక్తి ఎందుకు, ఈ సందర్భం ఆలోచించావా అని అడుగుతాడు. మీరు సరిదిద్ది మళ్లీ పంపుతారు. ఆ సంభాషణ అంతా ఎప్పటికీ నిలిచి ఉంటుంది. డెబియన్ అనే లినక్స్ పంపిణీలో పూర్తి సభ్యత్వం కోరేవారు తమ గుర్తింపును నిరూపించుకోవాలి. సంస్థ సిద్ధాంతాలమీద ప్రశ్నలకు జవాబులివ్వాలి. తాము చేసిన పనిని చూపించాలి. అపాచీ ప్రాజెక్టులలో కొంతకాలం మంచి పని చేసినవారికి, మూలసంకేతాన్ని నేరుగా మార్చే అధికారాన్ని తోటివారు ఓటు వేసి ఇస్తారు. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా నడుపుతున్న వర్డ్‌ప్రెస్ ఏళ్ల తరబడి ద్రూపల్‌వలె అధికారిక పరీక్ష లేకుండానే పెరిగింది. దానిమీద బతికే వేలమంది తాము చేసిన పనినే పత్రంగా చూపించుకొన్నారు.

అయితే పనే పత్రం, కాగితం అనవసరం అనేవారితో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఉచితంగా పనిచేసి చూపించడానికి తీరిక కావాలి. పగలు కళాశాల, సాయంత్రం ఇంటిపని, మిరపకోతల కాలంలో పొలం పని ఉన్న అమ్మాయికి, రాత్రి రెండు గంటలవరకు విదేశీయులతో చర్చించే అవకాశం ఎక్కడిది? ఆ చర్చలన్నీ ఇంగ్లీషులో సాగుతాయి. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి సంకేతం రాయడంకన్నా, ఎందుకు రాశాడో ఇంగ్లీషులో చెప్పడం కష్టం. బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఉన్న సంస్థ వేల దరఖాస్తులను వడపోసేటప్పుడు, ప్రతివారి పనినీ తెరిచి చదివే ఓపిక ఎవరికీ ఉండదు. పేరున్న ఇంజనీరింగు కళాశాలలో చదవనివారికీ, లోపల బంధువులు లేనివారికీ ఆ వడపోతలో నిలవడానికి ఒక ఆధారం కావాలి. ఏ లోటూ లేనివారికి యోగ్యతాపత్రం అలంకారం. వీరికి ఊతకర్ర. టైపు పత్రం వారి తాతల కాలంలో చేసిన పని ఇదే.

కాబట్టి రుసుము కట్టేముందు అడగవలసిన ప్రశ్నలు ఉన్నాయి. నేర్పేవారూ పరీక్షించేవారూ ఒకరేనా? ఎంతమంది తప్పుతున్నారు? ఎవరూ తప్పని పరీక్ష అయితే అక్కడితో ఆగవచ్చు. జవాబుకు గుర్తుపెట్టడమా, పని చేసి చూపడమా? ఏ రూపంమీద పరీక్ష, ఎంతకాలం చెల్లుతుంది? పత్రంమీది సంఖ్యను బట్టి ఉద్యోగమిచ్చేవారు స్వయంగా సరిచూసుకొనే ఏర్పాటు ఉన్నదా? పేరొందిన పరీక్షలన్నిటికీ ఇటువంటి ఏర్పాటు ఉంటుంది. జెండ్ సంస్థ ఉత్తీర్ణుల పేర్ల పట్టికను అందరూ చూసేలా ప్రచురించేది కూడా. అంతర్జాతీయ పరీక్షల రుసుము రూపాయలలోకి మారిస్తే వేలలోనే ఉంటుంది. ఒక మధ్యతరగతి ఇంటికి అది తేలిక కాదు. మొదటి ఉద్యోగం దొరికిన తరువాత పరీక్ష రాయడంలో తప్పు లేదు. ఆ రుసుమును ఉద్యోగులకు తిరిగి చెల్లించే సంస్థలు కూడా ఉన్నాయి.

పరీక్ష రాసినా రాయకపోయినా పాఠ్యప్రణాళికను మాత్రం వదలకూడదు. అది ఉచితం. లినక్స్ ప్రొఫెషనల్ ఇన్‌స్టిట్యూట్ పాఠాలనే నెట్‌లో ఉచితంగా ఉంచింది. పీహెచ్‌పీ అధికారిక మాన్యువల్ ఎవరైనా చదువుకోవచ్చు. వాటిని ముందు పెట్టుకొని ఒక్కొక్క అంశానికి ఒక్కొక్క చిన్న కార్యక్రమం రాసి చూసుకొంటే, ఎక్కడ గుంట ఉన్నదో తనకే తెలిసిపోతుంది.

మన రాష్ట్రాలలో ఈ మార్గంలో పనిచేస్తున్నవారు ఉన్నారు. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ అనే సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ఇంజనీరింగు విద్యార్థులలో ప్రచారం చేస్తూ, కంప్యూటరు నిర్వహణ వ్యవస్థను తెలుగులోకి తెచ్చింది. అక్కడ విద్యార్థులు నేర్చుకొనేది పరీక్షకోసం కాదు. పక్కన కూర్చొన్నవాడి తప్పును పట్టుకోవడంకోసం, తన తప్పును పట్టించుకోవడంకోసం.

మొదలుపెట్టడానికి ప్రోగ్రామింగు కూడా రానక్కరలేదు. మీడియావికీ తెరమీద కనిపించే బొత్తాలు, సందేశాలు, హెచ్చరికలు తెలుగులో కనబడాలంటే వాటిని ఎవరో ఒకరు అనువదించాలి. ట్రాన్స్‌లేట్‌వికీ అనే వెబ్‌సైటులో ఈ పని జరుగుతుంది. కొత్త సందేశాలు చేరుతూనే ఉంటాయి. ఒక్కొక్కటి చూడడానికి చిన్న వాక్యమే. ఎన్నో అంకె రావలసినచోట ఒక గుర్తు ఉంటుంది. ‘1 పేజీలు’ అని రాకుండా ఏకవచనానికీ బహువచనానికీ వేర్వేరు రూపాలు రాయాలి. ఇంగ్లీషు వాక్యంలో మధ్యనున్న క్రియ తెలుగులో ఎక్కడికి వస్తుందో చూసుకొని ఆ గుర్తును జరపాలి. కళాశాల తెలుగు తరగతిలో నేర్చిన వ్యాకరణం ఇక్కడ అక్కరకు వస్తుంది. అనువదించినవారి పేరు, తేదీ ఆ సందేశపు చరిత్రలో చేరుతాయి, మరొకరు దానిని సరిదిద్దితే వారి పేరు కూడా అందులోనే చేరుతుంది.